పృథు చరిత్రము – యువజన కర్తవ్యము

శ్రీమద్భాగవత చతుర్థస్కంధమును పారాయణము చేయువారిలో పెక్కుమంది ధ్రువోపాఖ్యానముకడ నిలిచి కన్నులు చెమర్చుకొందురు. ఆ వెనుక వచ్చు అంగ, వేన, పృథువుల కథను పురాణకాలక్షేపములందు కొంత త్వరగా దాటించుట అలవాటు. ధ్రువుని కథవలె అది హృదయమును కరగించునది కాకపోవచ్చును. అయినను, బిడ్డలను పెంచి, ఒకనాడు వారి చేతికి ఇంటినో, ఊరినో, దేశమునో అప్పగింపవలసినవారు ముందుగా చదువవలసిన భాగము అదియే. ఒకే సింహాసనముపై తండ్రి వేనుడును, కుమారుడు పృథువును ఒకరి వెనుక నొకరు కూర్చుండిరి. తండ్రి ఏలుబడి ముగియునప్పటికి భూమి పండుట మానినది. కుమారుని పేరిట ఆ భూమికే పృథ్వి అను నామము స్థిరపడినది. తండ్రికొడుకుల నడుమ ఇంత అంతరమునకు కారణమేమి?

అంగరాజు ధ్రువుని వంశమువాడు, ధర్మాత్ముడు. సంతానము లేమిచే యజ్ఞము చేసి, ఆ యజ్ఞమున లభించిన పాయసమును భార్యయైన సునీథకు ఇచ్చెను. సునీథ మృత్యువు కూతురు. పుట్టిన బాలునకు మాతామహుని పోలిక వచ్చెను. విల్లు చేతబట్టి అడవికేగి దీనములైన లేళ్లను చంపుట వానికి వినోదము. వాడు వచ్చుట చూచి జనులు పేరు పెట్టి అరచుచు భయపడుచుండిరట. ఆటలాడుచున్న తన ఈడు పిల్లలను సైతము పశువులను చంపినట్లు చంపుచుండెనని భాగవతము చెప్పుచున్నది.

మొదట లేళ్లు, పిదప తోడిపిల్లలు. వ్యాసభగవానుడు ఈ రెంటిని ప్రక్కప్రక్కనే చెప్పుట గమనింపదగినది. నోరులేని జీవముపై జాలి లేనివానికి నోరున్న మనుష్యునిపై జాలి కలుగునని ఆశించుట అడియాసయే. నేడు మనము పర్యావరణ పరిరక్షణ అనియు, సంఘసేవ అనియు రెండు వేర్వేరు పాఠములు బోధించుచున్నాము. ఒకదానికి ఒక ఉపాధ్యాయుడు, వేరొకదానికి వేరొక ఉపాధ్యాయుడు. వేనుని బాల్యమున ఆ రెండు పాఠములు తప్పుటకు మూలము ఒక్కటే.

అంగుడు కుమారుని అనేకవిధముల దండించి చూచెను. ఫలము కలుగలేదు. మనస్సు విరిగి, ఒకనాటి అర్ధరాత్రమున, నిద్రించుచున్న సునీథను విడిచి, ఎవరికిని తెలియకుండ వెడలిపోయెను. ఆ మహారాజునకు కలిగిన వైరాగ్యమును తప్పుపట్టుటకు మనము ఎంతవారము? అయినను ఒక మాట చెప్పక తీరదు. శిక్ష అను సంస్కృతపదమునకు నేర్చుట, నేర్పుట అని అర్థము. వేదాంగములలో మొదటిదానికి ఆ పేరే ఉన్నది. తెలుగు వాడుకలో అది దండన అయి కూర్చున్నది. మన పెంపకములోని లోపము ఈ ఒక్క మాట మారిన తీరులోనే కనబడును. దండించి విసిగిన తండ్రి, తరువాతి మెట్టుగా, బిడ్డను వాని మానాన వానిని విడిచిపెట్టును. అంగుడు అడవికి పోయెను. మనము ఇంటిలోనే ఉండి, వార్తాపత్రిక అడ్డము పెట్టుకొని, అట్లే వెడలిపోవుచున్నాము.

రాజు లేని రాజ్యమున దొంగలు పెచ్చుపెరుగుదురని భయపడి, భృగువు మొదలగు మునులు సునీథ సమ్మతితో వేనునికే పట్టము కట్టిరి. ప్రకృతులు, అనగా మంత్రులును ప్రజలును, అందులకు ఇష్టపడలేదని భాగవతము స్పష్టముగా చెప్పినది. వేనుడు గద్దెనెక్కినాడని వినగనే దొంగలు ఎలుకలవలె దాగిరి. ఆ మొదటి దినములలో, కఠినుడైనను సమర్థుడే వచ్చినాడని ఊరట చెందినవారును ఉందురు. అటుపిమ్మట యజ్ఞము కూడదు, దానము కూడదు, హోమము కూడదని అతడు భేరి వేయించెను. ఒకవైపు దొంగలు, ఒకవైపు పాలకుడు. రెండు కొనలయందును నిప్పంటుకొన్న కట్టె నడుమ చిక్కినట్లు ప్రజలు చిక్కిరని మునులు పరితపించిరి. పాలు పోసి పెంచిన పామని చింతించిరి. కట్టబెట్టినవారే తమ హుంకారముతో వానిని కూల్చవలసి వచ్చెను.

మన దేశమున రాజ్యాంగపు 61వ సవరణతో, 1989 నుండి, ఓటుహక్కు వయస్సు 21 నుండి 18 ఏండ్లకు తగ్గినది. ఇది మంచి మార్పే. పట్టము కట్టు అధికారము ఒకప్పుడు మునులదైనచో, నేడు అది కళాశాలలో అడుగిడిన బాలునిది, బాలికది. సమర్థతయు సచ్ఛీలమును ఒక్కటి కావని వారికి వేనుని కథకంటె చక్కగా చెప్పగల గ్రంథము అరుదు.

ఇక పృథువు. వేనుని బాహువులను మునులు మథింపగా ఆ మథనము నుండి పృథువును, ఆయన ధర్మపత్నియైన అర్చియు ఉద్భవించిరి. ఆయన శ్రీమహావిష్ణువు అంశ. పట్టాభిషేకము జరిగినది. వందిమాగధులు స్తుతి మొదలుపెట్టిరి. అప్పుడు ఆ నూతన ప్రభువు పలికిన మొదటి పలుకేమి? నాయందు ఏ గుణములును ఇంకను వెల్లడి కాలేదు, దేనిని చూచి పొగడుదురు, ఆ పొగడ్త భగవంతునికి చెల్లునుగాని నాకు చెల్లదు అని వారించెను. తనకు లేని గుణములను ఉన్నట్లు పొగడించుకొనువాడు లోకులు తన్ను పరిహసించుచున్నారని తెలిసికొనలేని మందబుద్ధి అనెను.

ఈ ఘట్టమును చదివినపుడెల్ల మన వీధిమలుపులు గుర్తునకు వచ్చును. ఇంకను ఏ పనియు చేయని యువనాయకునికి పుట్టినదినమునాడే నిలువెత్తు ఫ్లెక్సీ. చుట్టును ఇరువది చిన్న ముఖములు. గాలికి చిరిగి అది కాలువలో పడును, తూమునకు అడ్డుపడును. ప్లాస్టిక్‌తో చేసినది కావున మట్టిలో కలియదు. అందలి పొగడ్త మాత్రము మరునాటికే మట్టిలో కలియును. యువకులకు నాయకత్వము నేర్పదలచినవారు ఉపన్యాసకళకంటె ముందుగా ఈ వారింపును నేర్పవలెను.

స్తుతి ముగిసినదో లేదో ఆకలిగొన్న ప్రజలు వచ్చి నిలిచిరి. తొఱ్ఱలో నిప్పు పడిన చెట్టు లోలోపల కాలినట్లు మేము జఠరాగ్నిచే కాలుచున్నాము, మాకు అన్నము పెట్టుము అని ప్రార్థించిరి. పృథువు వెంటనే ఏదియు చేయలేదు. చాలసేపు ఆలోచించి కారణమును గ్రహించెనని మూలమున ఉన్నది. భూమి ఓషధులను, అనగా ధాన్యజాతులను, తనలో దాచుకొన్నది. ఇది తెలియగనే ఆ యువకునికి కోపము పొంగెను. విల్లెక్కుపెట్టెను. భూమి గోరూపము దాల్చి పరుగిడెను. దిక్కులన్నింట ఆయన వెంటబడెను. ఎక్కడికి పోయినను ఆ ధనుస్సే ఎదురయ్యెను.

ఇక్కడ మన మనస్సును నిలుపవలెను. ప్రజల ఆకలిని చూచి కలిగిన కోపము కావున అది సత్కోపమే. అయినను ఆ బాణము తగిలినచో ఏమగును? భూమాత ఆయనను అదే ప్రశ్నించినది. ఈ విశ్వమంతయు నాపై ఆనుకొని యున్నది, నీళ్లపై నడచుచున్న దృఢమైన నావను నేను, నన్ను చీల్చివేసి ఈ ప్రజలను, నిన్ను నీవు, నీటిపై ఎట్లు నిలుపుకొందువు అని అడిగినది. ఆకలి తీర్చుటకు అన్నపుకుండనే పగులగొట్టువానికి ఇంతకంటె సూటియైన సమాధానము లేదు. ప్రజలకు ఉద్యోగములు కావలెనని ఏటిలోని ఇసుకను చివరి తట్టవరకు తోడించువాడును, పంట పెరుగవలెనని భూగర్భజలమును అడుగంట లాగించువాడును చెడ్డవారే కానక్కరలేదు. వారి చేతిలో పృథువు విల్లు ఉన్నది. పృథువునకు వినబడిన ప్రశ్న వారికి ఇంకను వినబడలేదు.

పృథువు వినెను. ఆయన గొప్పతనమంతయు అక్కడ ఉన్నది. ఎక్కుపెట్టిన విల్లు దించి, ఒక గోవు చెప్పిన మాటను చక్రవర్తి వినెను. అప్పుడు భూమి తన కథ చెప్పుకొన్నది. బ్రహ్మ సృజించిన ఓషధులను నియమవ్రతములు లేనివారు ఇష్టము వచ్చినట్లు అనుభవించుట చూచితిని, పాలకులు నన్ను ఆదరింపలేదు, లోకము దొంగలమయమైనది, అందుచేత యజ్ఞము కొరకు వానిని మింగితిని, కాలము గడచుటచే అవి నాలోనే క్షీణించుచున్నవి అనెను. చంపినచో రావు, పితుకుటకు ఉపాయము కావలెను అనెను. తగిన దూడను తెమ్మనెను, తగిన పాత్రను తెమ్మనెను, పితుకువానిని తెమ్మనెను. నన్ను సమతలముగా చేయుము, అట్లు చేసినచో దేవుడు కురిపించిన నీరు వానకాలము గడచినపిదప కూడ నాపై నిలుచును అనెను.

వాననీటిని భూమిపై నిలుపుటను గూర్చి నేడు ప్రభుత్వములు పథకములు వేయుచున్నవి. పొలముగట్లు, కందకములు, ఇంకుడుగుంతలు అని మనము చెప్పుకొనుచున్నాము. ఆ కోరిక భాగవతమున భూదేవి నోటనే ఉన్నదని ఎందరు యువకులకు తెలియును? ఇందులో ఒక సూక్ష్మము కూడ కలదు. దూడ లేక ఆవు చేపదు. దూడపై వాత్సల్యమున పొదుగు నిండును, ఆ నిండిన పాలలో మనకొక భాగము. దూడకు విడువక పితికినవాని ఇంట ఆ ఆవు ఎన్నాళ్లు పాలిచ్చును? పల్లెలో పాడి ఎరిగిన ఏ ఇల్లాలినడిగినను చెప్పును. పృథువు స్వాయంభువ మనువును దూడగా చేసికొని, తన హస్తమునే పాత్రగా చేసికొని సకల ధాన్యములను పితికెను. మనువు అనగా రానున్న మానవజాతికంతకును మూలపురుషుడు. రాబోవు తరములవారిని ముందు నిలిపి, వారిపై భూమికి గల ప్రేమచే చేపిన పాలనే మనము త్రాగవలెనని ఈ ఘట్టమునకు అర్థము చెప్పుకొన్నచో అది మూలమునకు విరుద్ధము కాదని నా అభిప్రాయము.

ఒక గడుసు విద్యార్థి ఇచ్చట అడ్డుపడి, పృథువు తన వింటికొనతో పర్వతశిఖరములను పొడి చేసి భూమిని చదును చేసినాడు కదా, అట్లయిన కొండలను తొలిచి రాయి అమ్ముకొనువారు కూడ పృథువులేనా అని అడుగవచ్చును. అడుగనిండు. ఆయన చదును చేసినది నీరు నిలుచుటకు, ఊరు నిలుచుటకు. ఆ వెనుకనే గ్రామములను, పట్టణములను, గోశాలలను, కర్షకుల పల్లెలను ఏర్పరచెనని, అంతకుముందు అట్టి నివాసకల్పన లేదనియు చెప్పబడినది. క్వారీ తవ్వినచోట మిగులునది గొయ్యి. ఊరు కాదు.

రాజ్యము కుదుటపడినపిదప పృథువు ఒక మహాసభలో ప్రజలతో పలికిన మాటలు కలవు. ప్రజలకు ధర్మమును నేర్పక పన్నులు మాత్రము తీసికొను రాజు వారి పాపమును భుజించునని, తన ఐశ్వర్యమును తానే పోగొట్టుకొనునని ఆయన చెప్పెను. అధికారియైనవానికి బోధ కూడ విధియే అని దీని తాత్పర్యము.

అట్టివానిని తయారుచేయుట ఎట్లు? వాల్మీకి మహర్షి ఒక మార్గము చూపెను. పదునారేండ్లు నిండని రాముని విశ్వామిత్రుడు అంతఃపురము నుండి కాలినడకన వెంటబెట్టుకొని పోయెను. దారిలో ఘోరారణ్యమును చూపి, ఇవి ఒకప్పుడు మలద, కరూశములను సిరిగల దేశములు, తాటక వలన ఇట్లు పాడుపడినవి అని చెప్పెను. పాడుపడిన నేలను చూపుటయే తొలి పాఠము. రెండవది, ఆ బాలుని కాపలా పెట్టినది తన ఇంటి యాగమునకు కాదు, పరుల యాగమునకు.

భారత సభాపర్వమున వేరొక మార్గము కలదు. నారదుడు ధర్మరాజునకు నీతులు వల్లింపలేదు, ప్రశ్నలు వేసెను. నీ రాష్ట్రమున పెద్ద చెరువులు తగిన తావులలో త్రవ్వబడి నిండియున్నవా, సేద్యము కేవలము వానపై ఆధారపడి లేదుకదా అని అడిగెను. చితికిన రైతునకు విత్తనమును, తిండిగింజలును, స్వల్పమైన వడ్డీకి అప్పును దొరకుచున్నవా అని అడిగెను. గ్రుడ్డివారిని, మూగవారిని, కుంటివారిని, దిక్కులేనివారిని తండ్రివలె చూచుచున్నావా అని అడిగెను. చెరువును గూర్చిన ప్రశ్నకును, దిక్కులేనివారిని గూర్చిన ప్రశ్నకును నడుమ నారదుడు గోడ కట్టలేదు.

ఈ ప్రశ్నలకు తెలుగునేల ఒకప్పుడు రాతిపై సమాధానము వ్రాసికొన్నది. కడపజిల్లా పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు సంస్కృతశాసనము కలదు. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు త్రవ్వించిన చెరువును గూర్చిన శాసనమది. దినమునకు 1000 మంది కూలీలు, రాళ్లు తోలుటకు 100 బండ్లు, 2 సంవత్సరములు పని జరిగినదని అందున్నది. మంచి చెరువునకు కావలసిన 12 అంగములు, పనికిరాని 6 దోషములు వరుసగా చెప్పబడినవి. ధర్మబుద్ధిగల రాజు మొదటి అంగము. జలశాస్త్రమెరిగిన పండితుడు రెండవది. గట్టి బంకనేల, తియ్యని నీటి ఏరు, కట్టకు ఆనుకొను కొండలు, దీర్ఘమైన రాళ్లు దొరకు గని, పని నేర్చిన జనసమూహము అంగములుగా లెక్కింపబడినవి. రాజును, పండితుని, మట్టి మోయువానిని ఒకే పట్టికలో వ్రాసిన ఆ శాసనకర్త బుద్ధికి నమస్కరింపవలెను. దోషములలో కట్ట నుండి నీరు ఊరుట, చవిటినేల, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ యగుట, నీరెక్కువై ఆయకట్టు తక్కువ యగుట చెప్పబడినవి. రెండు రాజ్యముల పొలిమేరలో చెరువుండుట కూడ దోషమే. జలవివాదములను గూర్చి మనము ఇప్పుడు నేర్చుకొనుచున్నదానిని వారు అప్పుడే ఎరుగుదురు. ఆ చెరువు నేటికిని ఉన్నది.

రాజకుమారుడైన భాస్కరునికి తటాకనిర్మాణము ధర్మము. ఆ కాలపు పెద్దలు చెరువును, వనమును, దేవాలయమును, పుత్రుని ఒకే వరుసలో సప్తసంతానములుగా లెక్కించిరి. కన్నబిడ్డ ఒక సంతానము, త్రవ్వించిన చెరువు వేరొక సంతానము. నేటి బిడ్డలకు చెరువు ఏమగును? 1976లో 42వ సవరణ అడవులను, సరస్సులను, నదులను కాపాడుటయు, జీవకారుణ్యమును పౌరుని ప్రాథమిక కర్తవ్యములుగా రాజ్యాంగమున చేర్చినది. 1991లో సుప్రీంకోర్టు విద్యాలయములందు పర్యావరణము తప్పనిసరి పాఠ్యాంశము కావలెనని ఆదేశించినది. పాఠము వచ్చినది, పరీక్ష వచ్చినది, మార్కులు వచ్చినవి. తమ ఊరి చెరువునకు నీరు ఏ వాగు నుండి వచ్చునో, మిగులునీరు ఏ కలుజు నుండి పోవునో చెప్పగల పట్టభద్రులు ఊరికి ఎందరు?

తప్పు వారిది కాదు. దేవాలయములను నడుపు మనమందరము ఈ విషయమున మనలను మనము పరీక్షించుకొనవలెను. ఉత్సవములలో యువకులకు మనము ఇచ్చు పని ఏమి? పల్లకి మోయించుదుము. చందాలు వసూలు చేయించుదుము. త్రాళ్లు పట్టించి భక్తులను వరుసలో నిలిపించుదుము. లెక్కల పుస్తకము మాత్రము వారికి చూపము. సమావేశమున వారికి కుర్చీ వేయము. భుజబలము కావలెను, బుద్ధిబలము మనకే చాలును. నలువది యేండ్లు వచ్చువరకు ఇట్లు ఉంచి, ఆ మరునాడు వానిని ధర్మకర్తను చేసినచో, అతడు ఎక్కడ నేర్చును?

ధర్మకర్త అను మాట ఎంత చక్కనిది! దేవాలయపు భూమి దేవునిది, న్యాయస్థానములు సైతము దేవుని ఆస్తికి యజమానిగా అంగీకరించినవి. ధర్మకర్త దానిని చూచువాడు, పెంచువాడు, లెక్క చెప్పువాడు, వెనుక వచ్చువానికి అప్పగించి పోవువాడు. అమ్ముకొనుటకు అతనికి హక్కు లేదు. గాంధీమహాత్ముడు సంపదను గూర్చి చెప్పిన సిద్ధాంతమునకు మనవారు ధర్మకర్తృత్వమని పేరుపెట్టిరి. చెట్టునకు, ఏటికి, గాలికి మనము ధర్మకర్తలమే. ఈ భావము ఉపన్యాసము విని కలుగదు. ఒక వస్తువు చేతికి వచ్చి, దానికి లెక్క చెప్పవలసి వచ్చినపుడు కలుగును.

కావున ప్రతి దేవస్థానమును ఆలోచింపవలసిన ఒక పని చెప్పెదను. పుష్కరిణిని ఒక సంవత్సరము యువజనుల చేతికి అప్పగింపుడు. అన్ని వాడల నుండి, బాలురును బాలికలును, పదిమందిని ఎన్నుకొనుడు. స్వల్పమైన నిధిని, ఒక లెక్కపుస్తకమును వారికి ఇండు. మొదటి నెలలో వారు నీటిలోని చెత్తను తీయుదురు. కవర్లు, కుంకుమపొట్లములు, కార్తికమాసపు దీపములు విడిచిన థర్మోకోల్ పళ్లెములు బయటపడును. అరటిదొప్పలో దీపము విడుచు ఆచారము ఉండగా థర్మోకోల్ ఎట్లు వచ్చినదని వారే అడుగుదురు, ఆలయము ముంగిట అమ్ముచున్న బడివరకు పోవుదురు. ఆ బడి నడుపుకొనునది ఒక పేదవిధవ కావచ్చును. ఆమె జీవనము పోకుండ ఆ సరుకు మాన్పించుట ఎట్లు? నాయకత్వమనునది ఆ ప్రశ్నకడ మొదలగును. నిర్మాల్యమును ఎరువు చేయుట, అన్నదానమున ఆకువిస్తళ్లను మరల తెచ్చుట, వినాయకచవితికి మట్టివిగ్రహములు చేయు కుమ్మరిని వెదకుట ఒకదాని వెనుక నొకటి వచ్చును.

రెండవ మెట్టున చిక్కు కలదు. పుష్కరిణి ఎందుకు నిండుట లేదని వెదకుచు వారు నీరు వచ్చు కాలువవెంట నడుతురు. ఎక్కడనో అది పూడ్చబడియుండును. దానిపై ఒక ప్రహరీగోడ ఉండును. ఆ గోడ ఊరిలో పెద్దవాడైన ఒకానొకనిది, ఒక్కొక్కప్పుడు ఆలయమునకు భూరివిరాళమిచ్చినవానిదే, కావచ్చును. ఆ పదిమందియు పుస్తకము చంకనబెట్టుకొని మన సమావేశమునకు వచ్చి ఈ మాట చెప్పుదురు. ఆనాడు మనము వారిని మెచ్చుకొందుమా, ఇంకను చిన్నవారు, లోకము తెలియదు అని పంపివేయుదుమా? యువతకు శిక్షణ అనునది ఆ సాయంకాలము పెద్దలకు పరీక్షగా మారును. పంపివేసినచో వారు మరునాటి నుండి పల్లకి మోయుదురు, అంతకుమించి మోయరు.

చేయదలచినవానికి పదవి అక్కరలేదనుటకు ఖమ్మముజిల్లా రెడ్డిపల్లివాసి దరిపల్లి రామయ్య సాక్ష్యము. జనులు ఆయనను వనజీవి రామయ్య అని పిలిచిరి. కాలములో విత్తనములు ఏరి, దాచి, సైకిలుపై తిరుగుచు కాలువగట్లను, బాటప్రక్కలను నాటుచు, భార్యను సైతము ఆ వ్రతమున చేర్చుకొని, కోటికి మించిన మొక్కలు నాటినవాడని ప్రసిద్ధి చెందెను. 2017లో పద్మశ్రీ వచ్చినది. 2025 ఏప్రిల్‌లో ఆయన పరమపదించెను. ఆయన మెడలో వ్రేలాడిన పలక ఫ్లెక్సీ కాదు. దానిపై ఉన్నది చెట్టును కాపాడుమను మాటయే.

చెట్టును కాపాడుట ఒక్కటే చాలునా? శ్రీనివాసుని నివాసమైన శేషాచలము వంక చూడుడు. 2010లో ఆ కొండలను జీవావరణ పరిరక్షణ మండలముగా ప్రకటించిరి. ఎర్రచందనము లోకమున సహజముగా పెరుగునది తూర్పుకనుమల దక్షిణభాగముననే. ఆ చెట్టునకు విదేశములలో వెల పెరిగినకొలది అడవిలోనికి గొడ్డళ్లు వచ్చినవి. 2015 ఏప్రిల్ 7వ తేదీన ఆ కొండలలో జరిగిన పోలీసుకాల్పులలో 20 మంది మరణించిరి. వారు తమిళనాటి నుండి వచ్చిన కూలీలు. ఆ కాల్పుల న్యాయాన్యాయములను తీర్చుట ఈ వ్యాసమునకు శక్యము కాదు. స్వామికొండపై చెట్టు కూలినందుకు దుఃఖించు భక్తుడు ఆ 20 ఇండ్లలోని దుఃఖమును కూడ తలచుకొనవలెనని మాత్రము చెప్పవచ్చును. గొడ్డలి పట్టినవాడు దినకూలికి వచ్చినవాడు. దుంగ కొనువాడు, ఓడకెక్కించువాడు ఆ కొండను కంటితోనైన చూచియుండడు.

పృథువు కడకు వచ్చిన ప్రజలు ఆకలిగొన్నవారు. పృథువు ఎదుట నిలిచిన గోవు భయపడినది. ఆ యువకునికి ఈ ఇద్దరును ఒకేసారి కనబడవలసి వచ్చినది. ప్రజలవైపే చూచినచో బాణము విడిచియుండును. గోవువైపే చూచినచో విల్లు దించి ఊరకుండును, ప్రజలు చత్తురు. చెట్టును మాత్రము ప్రేమించి కూలివానిని ద్వేషించుట నేర్చిన విద్యార్థియు, కూలివానిపై జాలితో చెట్టును వదలివేయు విద్యార్థియు ఇంకను చదువవలసియున్నది. గొడ్డలి వదలినవానికి ఆ కొండలలోనే నారుమడి పెంచు పని, కాపలా పని చూపగలవాడు దూడను, పాత్రను తెచ్చినవాడగును.

చివరకు పృథువు ఏమి చేసెను? వృద్ధుడై, రాజ్యమును విడిచి తపోవనమునకు బయలుదేరెను. అంతకుముందే ఆయన భూమిని తన కూతురుగా భావించి స్వీకరించియుండెను. ఆ కూతురును కుమారులకు అప్పగించెను. తండ్రి ఎడబాటునకు ఆమె ఏడ్చుచున్నట్లు ఉండెనని భాగవతము వర్ణించినది. మన తెలుగు పెండ్లిండ్లలో అప్పగింతలనాడు కూతురుచేతులను పాలలో ముంచి, అత్తమామల చేతులలో ఉంచి, తండ్రి మాట రాక నిలుచును. ఆ చేతులు ఎట్టివో ఏండ్లతరబడి విచారించినపిదపనే ఆ పని చేయును. పృథువు జ్యేష్ఠకుమారుడైన విజితాశ్వుడు ఆ భూమిని తానొక్కడే ఉంచుకొనలేదు, నలుగురు తమ్ములకు నాలుగు దిక్కులు పంచి ఇచ్చెను. అర్చి భర్తవెంట అడవికి నడచెను.